గులాం మూల

సెంట్రల్ జైలు,
అడవివరం.

ప్రేమగల నర్గీస్ ఆపాకి తమ్ముడు అల్తాఫ్ సలాములు.

నిన్న గేటు బయట ఎండలో నిలబడే ఉంటావు. ఇస్త్రీ చొక్కా తెచ్చే ఉంటావు. నేను బయటికి రాలేదు. ఎందుకు రాలేదో బావ నీకేం చెప్పాడో తెలియదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఫోను చేద్దామంటే ఇక్కడ నా పేరు కింద రాయించిన నంబరు ఫారూఖ్ బావది ఒక్కటే. ఉర్దూలో రాస్తే చదివి పంపేవాళ్ళు లేక ఉత్తరం ఆగిపోతుంది. అయినా మనిద్దరికీ ఉర్దూ మాట్లాడటమే గాని రాయడం ఎప్పుడొచ్చింది కనుక.

నిన్న పొద్దున్నే నా బకెట్టూ దుప్పటీ మా బ్యారక్‌లో ఉండే సూరన్నకి ఇచ్చేశాను. అందరికీ చెప్పి ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన నా రికార్డు తిరగేసి, "మొదటి కేసు మూడేళ్ళు ఈరోజుతో అయిపోయింది బాబూ. రెండో కేసు మూడేళ్ళు ఈరోజు నుంచి మొదలు" అన్నాడు. రెండూ కలిపే నడుస్తాయని మా బావ చెప్పాడండీ అన్నాను. ఆయన కసురుకోలేదు. "కలిపి అని జడ్జీగారు తీర్పులో రాయాల. రాయనేదు. రాయకపోతే ఒకదాని ఎనకాల ఒకటి. అది మా సేతిలో నేదు" అన్నాడు. తిరిగి బ్యారక్‌కి వస్తే సూరన్న నా బకెట్టు నాకు తెచ్చి పెట్టాడు. ఆపా, అప్పటిదాకా ఏడవలేదు, ఆ బకెట్టు చూసి ఏడ్చాను.

మొదటి కేసులో నాకేం తెలియదని చివరిదాకా చెప్పాను. దొంగిలించిన రాగి తీగ మన దుకాణం పట్టాల కింద దొరికింది, ఆ టార్పాలిన్ పట్టాలు కుట్టింది నేను, వాళ్ళకది చాలింది. అలాంటి రాగి తీగదే రెండో కేసు, దానికి మాత్రం బావ మాట విన్నాను. "ఒప్పేసుకో అల్తాఫ్. ఎలాగూ లోపలే ఉన్నావు గదా. రెండూ కలిపి నడిసిపోతాయి" అన్నాడు. ఆ జడ్జీగారు నా మొహంలోకి చూసి, తెలిసే ఒప్పుకుంటున్నావా అని అడిగారు. తెలిసే అన్నాను. అంత మెల్లగా అడిగిన మనిషి, రెండూ కలవవురా అబ్బాయ్ అని ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? నమ్మించి గొంతు కోసినట్టు ఉంది నాకు.

తీర్పు అయ్యాక ములాఖత్ కిటికీ దగ్గర, నువ్వు పక్కనే ఉండగా, కలిపి అని రాశారో లేదోనని బావని అడిగాను గుర్తుందా? "అప్పీలు ఏసీసినాం, నువ్వు బెంగెట్టుకోకు" అన్నాడు. ఆ అప్పీలు ఎక్కడిదాకా వచ్చిందో అడుగు. అమ్మీకి ఏదో కాగితం ఆలస్యమైందని చెప్పు, చాలు.

నీ తమ్ముడు,
అల్తాఫ్


వన్ టౌన్,
విశాఖపట్నం.

నా తమ్ముడు అల్తాఫ్‌కి ఆపా దువాలు. నీకంటే ముందు ఈ ఉత్తరం చదివే జైలు సారుకి కూడా సలాములు.

చొక్కా తెచ్చాను నిజమే. బిర్యానీ కూడా తెచ్చాను. సాయంత్రం దాకా నిలబడి, నీ బిర్యానీ గేటు దగ్గర ఆటోవాళ్ళకి పెట్టేసి ఇంటికొచ్చాను. వాళ్ళు మసాలా తగ్గిందన్నారు కూడాను. నీ బావ ఫోనులో "ఏదో పేపరు రాలేదంట" అని ఊరుకున్నాడు. అమ్మీ మాత్రం నీకని పరిచిన మంచం ఎత్తనివ్వలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే చర్చి వీధిలో ఉండే ప్రసన్నకుమారి మేడమ్ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ చర్చి సభలకి పందిరి పట్టాలు అబ్బా కుట్టేవారే, ఆ చర్చి. ఆవిడిప్పుడు పేద ఖైదీల కేసులు ఫీజు లేకుండా చూస్తారు. నీ సంగతంతా విని, హైకోర్టులో హెబియస్ కార్పస్ అనే పిటిషన్ వేద్దాం అన్నారు. మనిషిని అన్యాయంగా నిర్బంధించారు, తెచ్చి మా ముందు నిలబెట్టండి అని కోర్టుని అడగడమట. నిలుస్తుందో లేదో గ్యారంటీ ఇవ్వలేనని కూడా ముందే చెప్పారు. కానీ నాకు ఆ పిటిషన్ మహా నచ్చేసింది తమ్ముడూ. ఎందుకో చెప్పనా? అందులో ఎవరి మీదా నింద వేయనక్కర్లేదు. ఎవరు చెప్పారు, ఎవరు చేశారు, ఎవరు మానేశారు అని తవ్వుకోనక్కర్లేదు. మా వాడి శిక్ష అయిపోయింది, తలుపు తీయండి అని అడగడమే.

ఒక మాట మాత్రం రాయకుండా ఉండలేను. ఈ పిటిషన్ గురించి చెబితే నీ బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. తనే విజయవాడ టికెట్టు తీస్తానన్నాడు. అప్పీలు ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే మాత్రం నీళ్ళు నమిలి, ప్లీడరు రమణమూర్తి గారు ఊళ్ళో లేరని, టీ తాగకుండానే దుకాణానికి వెళ్ళిపోయాడు. మనిషి టీ వదిలేసి వెళ్ళడం పెళ్ళయ్యాక నేను చూడలేదు.

నువ్వు జడ్జీగారిని తిట్టుకోకు. అన్నం తిను. బకెట్టు మళ్ళీ సూరన్నకే ఇవ్వాల్సి వస్తుంది చూడు.

ఇట్లు నీ
నర్గీస్ ఆపా


వన్ టౌన్.

తమ్ముడూ అల్తాఫ్,

ఈసారి జైలు సారుకి సలాం చెప్పే ఓపిక లేదు, ఆయన ఏమీ అనుకోకూడదు. నువ్వు కూర్చుని చదువు.

పిటిషన్ కొట్టేశారు. హైకోర్టు మాట మేడమ్ నాకు తెలుగులో విడమరిచి చెప్పారు. ఈ దారిలో వస్తే వాళ్ళు చూడగలిగింది, మనిషి ఎవరి ఉత్తరువు మీద లోపల ఉన్నాడనేది. నువ్వు ఒక కోర్టు వేసిన శిక్ష మీద ఉన్నావు, ఆ కోర్టుకి శిక్ష వేసే అధికారం ఉంది. ఆ శిక్ష ఎక్కువైందా, రెండూ కలిపి నడవాలా అన్నది ఈ పిటిషన్‌లో అడగకూడదు, దానికి అప్పీలు ఉంది, అక్కడికి వెళ్ళండి అన్నారట. మరి శిక్ష వేసిన జడ్జీగారినే రెండు అక్షరాలు కలపమని అడుగుదామంటే అక్కడా వెళ్ళి అడిగాం. సంతకం పెట్టాక అక్షరం మార్చే అధికారం నాకు లేదమ్మా అన్నారు. ఒకరు ఇది నా గుమ్మం కాదంటారు, ఒకరు నా తలుపు మూసుకుపోయిందంటారు. ఎవరూ తప్పు మాట్లాడలేదు, నువ్వు మాత్రం లోపలే ఉన్నావు.

"మరి మా అప్పీలు ఉంది కదండీ" అన్నాను మేడమ్‌తో. ఆవిడ సెషన్స్ కోర్టులో వెతికించారు. లేదు. నీ పేరు మీద అప్పీలే లేదు.

నేను నేరుగా రమణమూర్తి గారింటికి వెళ్ళాను. ఊళ్ళోనే ఉన్నారు. ఎక్కడికీ వెళ్ళలేదట. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి చెప్పారు. "మీ ఆయనే వొచ్చి వొద్దన్నాడమ్మా. కుర్రోడు ఇష్టపడే ఒప్పుకున్నాడు, అప్పీలు గిప్పీలు ఏటీ అక్కర్నేదు అన్నాడు. మీకు తెలిసే అనుకున్నాను." ఆయన ముందు ఏడవకూడదని గ్లాసులో నీళ్ళు మొత్తం తాగేశాను. మెట్లు దిగి, పూర్ణా మార్కెట్ దాకా నడిచి, అక్కడ ఉల్లిపాయల బస్తాల పక్కన కూర్చుని ఏడ్చాను. ఉల్లిపాయల దగ్గర ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగరు.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. అరవలేదు, పెద్దది బడి నుంచి వచ్చే వేళ. నీకు తెలుసుగా, సబ్బవరం మనిషి, కోపమొచ్చినా భయమొచ్చినా ఆయనకి ఉర్దూ పోయి తెలుగే వస్తుంది. ముందు బుకాయించాడు. తరవాత తల దించుకుని, "ఆడు వత్తే దుకానం ఆడిదే గదా. మీ అబ్బా పేరున్న దుకానం. నానేటి సెయ్యాల, మళ్ళీ సబ్బవరం ఎల్లి ఆటో తోలుకోవాలా? ఇంకో మూడేళ్ళు ఆగితే నాను నిలదొక్కుకుంటానని..." అన్నాడు. మూడేళ్ళు ఆగితే. పట్టా ఆరడానికి ఆగినట్టు. లోపల ఉన్నది మనిషని ఆయనకి తట్టనే లేదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని గురించి విన్నాను గాని, నా పక్కన పడుకుని లెక్కపెడుతున్నాడని తెలియదు. నువ్వు జైలుకి వెళ్ళాక నీ పేరు చెప్పి ప్రతి పండక్కీ అమ్మీకి ముందుగా చీర తెచ్చేవాడు. అమ్మీ ఆయన తల నిమిరి దువా చేసేది.

ఇక అసలు సంగతి. అప్పీలు ఇప్పుడైనా వేయవచ్చట. నువ్వు ఒప్పుకున్న కేసు కాబట్టి నేరం చేశావా లేదా అన్నది అడగలేం, శిక్ష సంగతి మాత్రం అడగవచ్చు. కానీ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంత ఆలస్యం ఎందుకైందో కోర్టుకి చెప్పి ఒప్పించాలి. చెప్పడానికి ఒకటే కారణం ఉంది, వేశామని నిన్ను నమ్మించారు. ఖైదీ చెబితే చాలదు, బయటివాళ్ళు ఒకరు ప్రమాణం చేసి చెప్పాలి. ఇంట్లో నాతో ఒంటరిగా అన్నవి నేను కోర్టులో చెప్పకూడదట, భార్యాభర్తల మాటలకి అదో అడ్డు ఉందట. కానీ ములాఖత్ కిటికీ దగ్గర నీతో అన్నది నేను పక్కన నిలబడి విన్నాను. అది చెప్పవచ్చు. అంటే నేనే చెప్పాలి. రమణమూర్తి గారు వయసైపోయింది, కోర్టుకి రాను అంటున్నారు.

ఎవరి మీదా నింద వేయనక్కర్లేని తలుపు మూసుకుపోయింది తమ్ముడూ. మిగిలిన తలుపు దగ్గర నా మొగుడి వైపు వేలు చూపిస్తేనే లోపలికి రానిస్తారు. నువ్వేమంటావో వెంటనే రాయి. ఇంటికి రాయకు, మేడమ్ అడ్రసుకి రాయి.

నర్గీస్


సెంట్రల్ జైలు.

నా ఆపాకి,

నువ్వు సంతకం పెట్టొద్దు. ముందు ఆ మాట రాసేసి తరవాత మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం ముట్టుకోలేదు. సూరన్న బలవంతం మీద రెండు ముద్దలు తిన్నాను. కానీ నువ్వనుకున్నంత ఆశ్చర్యపోలేదు ఆపా. అప్పీలు వేయలేదన్నది కొత్త సంగతే. తక్కినది నాకు తెలుసు.

మన దుకాణం పట్టా ఎక్కడ కనబడినా పోర్టు లారీలవాళ్ళు మూల చూసి అబ్బా పేరుతోనే చెప్పేస్తారు కదా, ఇది గులాం మూల అని. మూడు మడతలు పెట్టి, దబ్బనంతో లోపలికి ముడి వేసి, ముడి కనబడకుండా మళ్ళీ మడిచే మడత అబ్బాది. నాకు చెయ్యి పట్టుకుని నేర్పించారు. బావ ఒకరోజు నల్ల పట్టాలు కొన్ని కుట్టమని, "మూలలు మడవకు, తిన్నగా కుట్టీ సాలు" అన్నాడు. పని తగ్గించాలని అంటున్నాడనుకున్నాను. కుట్టడం మొదలుపెట్టాక చెయ్యి ఊరుకోలేదు. మూల మడవకుండా పట్టా బయటికి పంపితే అబ్బా సమాధిలో అటు తిరిగి పడుకుంటారనిపించింది. అన్ని పట్టాలకీ మడతలు వేసేశాను. తరవాత రాగి తీగ మీద కప్పి దొరికినవి ఆ పట్టాలే. పోలీసులు ఒక లారీ డ్రైవరుకి చూపిస్తే, గులాం మూల అని మన వీధికి తీసుకొచ్చాడు. స్టేషన్లో ఆ నల్ల పట్టాలు చూసిన నిమిషంలోనే నాకు అర్థమైంది, మూలలు ఎందుకు వద్దన్నాడో.

అప్పుడే చెప్పొచ్చు. చెబితే బావ లోపలికి వచ్చేవాడు. నీ కడుపులో చిన్నదాని అయిదో నెల. పెద్దది షబ్నంకి అప్పుడే మాటలు వస్తున్నాయి. నేను పెళ్ళి కాని వాణ్ణి, నాకెవరున్నారు అనుకున్నాను. రెండో కేసు ఒప్పుకోమన్నప్పుడు కూడా అదే అనుకున్నాను. బావ ఎంత కుంటి సాకు చెప్పినా, కనీసం రెండూ కలుస్తాయన్న మాట నిజమే అయి ఉంటుందని నమ్మాను. దొంగతనం ఆయనకి తప్పలేదేమో, నన్ను ఇక్కడ వదిలేయడం మాత్రం ఆయన కావాలని చేసింది. అదే నాకు మింగుడు పడటం లేదు. ఆయన కోసం నేను నోరు మూసుకున్నాను, ఆయన నా నోట్లో మట్టి కొట్టాడు.

అయినా వద్దు. ఇంకో మూడేళ్ళు నేను గడిపేస్తాను. ఇక్కడ టైలరింగ్ సెక్షన్లో నా చెయ్యి బాగుందని మెచ్చుకుంటున్నారు. నీ కాపురం నా వల్ల కూలిందన్న మాట వద్దు. అమ్మీకి ఏమీ చెప్పకు. ఆ మేడమ్‌కి నా తరఫున క్షమించమని చెప్పు.

అల్తాఫ్


వన్ టౌన్.

అల్తాఫ్,

నీ ఉత్తరం మేడమ్ గారింటి వరండాలో నిలబడి చదివాను. చదివాక నాకు మీ బావ మీద కంటే నీ మీద ఎక్కువ కోపం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, జైలు సారు కొట్టేసుకుంటే కొట్టేసుకోనీ.

నీకు తెలుసు. ఆయనకి తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళూ ఆయనకి అన్నం వడ్డించాను, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళిచ్చాను, జ్వరమొస్తే నుదుటి మీద గుడ్డ వేశాను. నీ కోసం ఆయన తిరుగుతున్నాడని, ఎండన పడి వస్తున్నాడని, చేపల పులుసులో పెద్ద ముక్క ఆయనకే వేశాను. మీరిద్దరూ కిటికీకి అటొకరు ఇటొకరు నిలబడి నా కాపురం ఎలా నడవాలో తేల్చేసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను కదా, నన్నొక మాట అడిగారా? నా కోసం జైల్లో ఉన్నావట. ఉండమని నిన్ను ఎవరు బతిమాలారు? ఆయన చేసింది ద్రోహం. నువ్వు చేసింది త్యాగమని నీకు నువ్వే పేరు పెట్టుకున్నావు. నా వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే, ఇద్దరూ నన్ను చీకట్లో కూర్చోబెట్టారు.

నువ్వు వద్దన్నావు కాబట్టి ఆగాలా? ఆగలేదు. ముందు నువ్వు పెట్టాల్సిన సంతకాలు పెట్టించుకురావడానికి మేడమ్ నీ దగ్గరికి వచ్చారు కదా. "పెట్టకపోతే మీ అక్క వొచ్చి గేటు ముందు కూసుంటాది" అని ఆవిడ నీతో అన్నది నేను చెప్పి పంపిన మాటే. నువ్వు పెట్టావని తెలిసి మనసు కొంచెం కుదుటపడింది. నీకూ లోపల ఎక్కడో బయటికి రావాలనే ఉంది.

తరవాత అమ్మీకి చెప్పాను. చెబితే చచ్చిపోతుందని మనమందరం భయపడ్డాం కదా. చావలేదు. లేచి పెట్టెలోంచి ఆయన తెచ్చిన చీరలు తీసి మడతపెట్టి, ఆయన చెప్పుల పక్కన పెట్టింది. ఆయన వచ్చి చూశాడు. "తమ్ముడి కోసం మొగుణ్ణి కోర్టుకి ఈడుస్తన్నావా" అన్నాడు నాతో. "నా కోసం సేత్తన్నాను" అన్నాను, ఆయన భాషలోనే. అది ఎక్కువ అర్థమైనట్టుంది. సబ్బవరం వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళాడు. పిల్లల్ని చూడటానికి శుక్రవారం శుక్రవారం రమ్మన్నాను. వస్తున్నాడు. షబ్నం ఎగిరి మెడ పట్టుకుంటుంది, నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. నాకు కష్టంగా లేదని అబద్ధం చెప్పను. ఆ మనిషి దగ్గు వినబడితే ఇప్పటికీ చెయ్యి దానంతటదే మంచినీళ్ళ గ్లాసు మీదికి వెళుతుంది.

నిన్న సెషన్స్ కోర్టులో పిలిచారు. ప్రమాణపత్రం రాసిచ్చినా, జడ్జీగారు నా నోటితో వినాలన్నారు. ఫారూఖ్ మీ ఆయనేనా అన్నారు. అవునండి అన్నాను. తెలిసే చెబుతున్నారా అన్నారు. నీకు వేసిన ప్రశ్నే. ఆ ఒక్క ప్రశ్నకి నువ్వు అవునని అబద్ధం చెప్పి మూడేళ్ళు తెచ్చుకున్నావు. నేను నిజమే చెప్పాను. కిటికీ దగ్గర నువ్వేం అడిగావు, ఆయనేం అన్నాడు, నేనెక్కడ నిలబడ్డాను, అంతే. దొంగతనం మాట నేను ఎత్తలేదు, వాళ్ళు అడగలేదు, అది ఈ గుమ్మంలో అడగాల్సింది కాదట. నువ్వు బయటికొచ్చాక అది నీ ఇష్టం, నోరు మూసుకుంటావో తెరుస్తావో. ఈసారి నన్ను అడిగి చెయ్యి.

ఆలస్యం మన్నించారు. అప్పీలు తీసుకున్నారు. జామీను సంగతి సోమవారం వింటారు. ఇస్తారో ఇవ్వరో మేడమ్ చెప్పనంటున్నారు, నేనూ బిర్యానీకి బియ్యం నానబెట్టడం లేదు. కానీ ఇన్నాళ్ళకి నీ మాట వినే అధికారం ఉన్న మనిషి ముందుకి నీ కాగితం వెళ్ళింది.

దుకాణం మూసేశామనుకోకు. నేను తెరుస్తున్నాను. మిషను తొక్కడం నాకు వచ్చు, పెద్ద పట్టాలకి పక్కింటి నూకాలు వచ్చి సాయం పడుతోంది. అబ్బా మడత నాకెవరు నేర్పారు, ఆడపిల్లకి దబ్బనం ఎందుకన్నారు కదా. నీ పాత పట్టా ఒకటి విప్పి చూశాను, లోపలి ముడి ఎలా పడిందో అంతుపట్టలేదు. చివరికి నాకు తోచినట్టు రెండు మడతలు పెట్టి, ముడి బయటికే కనబడేలా వేసేశాను. మొన్న లారీ దొరబాబు పట్టా తీసుకుంటూ మూల తడిమి చూసి, "ఇదేటమ్మా, గులాం మూల కాదే" అన్నాడు.

"కాదు. నర్గీస్ మూల" అన్నాను.

మళ్ళీ ఒకసారి తడిమి, లారీ మీదికి విసిరాడు.

సోమవారం పొద్దున్నే స్నానం చేసి తయారుగా ఉండు. బకెట్టు మాత్రం అప్పుడే ఎవరికీ ఇచ్చేయకు.

నీ ఆపా,
నర్గీస్